‘శాపము మరలించుట’: గోదావరి సీమ కథాసంప్రదాయంలో మంత్రప్రభావాన్ని తొలగించే నియమాలు

వ్యాససంగ్రహం

మంత్రం, శాపం, ప్రయోగం వంటి వాటి ప్రభావం ఎలా కలుగుతుందన్న విషయంపై తెలుగులో విస్తృతంగా చర్చ జరిగింది. ఆ ప్రభావం ఎలా తొలగుతుంది, ఎవరు తొలగించగలరు, ఏ షరతు మీద తొలగించగలరు అన్న ప్రశ్నలపై జరిగిన పరిశీలన తక్కువ. రాజమహేంద్రవరంలో వెలసిన నన్నయ ఆదిపర్వం, ద్రాక్షారామ ప్రాంతపు వేములవాడ భీమకవి ఐతిహ్యాలు, మన్యం ప్రాంతంలో నమోదైన ప్రతిక్రియా ఆచారాలు ఈ వ్యాసానికి ప్రధాన ఆధారాలు. ఉపసంహార నియమం మారినప్పుడు నింద ఎవరి మీద పడుతుందో కూడా మారుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శాపం, ఉపసంహారం, శాపావసానం, విరుగుడు, నన్నయ, ఉదంకోపాఖ్యానం, వేములవాడ భీమకవి, చిల్లంగి.

ప్రవేశిక

డిగ్రీ విద్యార్థులకు ఉదంకోపాఖ్యానం బోధిస్తున్నప్పుడు ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. ‘రాజు తాను ఇచ్చిన శాపాన్ని తానే ఎందుకు వెనక్కి తీసుకోలేడు? అతని స్థాయి చాలదా?’ అన్నాడు. ‘స్థాయి’ అన్న మాట నన్ను ఆపింది. విచారిస్తే తేలిందేమంటే, అతడు మిత్రులతో కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ఆడతాడు. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో వెలువడింది. అందులో ‘డిస్పెల్ మేజిక్’ అనే మంత్రం మొదటి నుంచీ ఉంది. ఇతరులు వేసిన మంత్రాన్ని తొలగించే మంత్రం అది.

దాని నియమం చూడదగినది. 1974 నాటి పుస్తకం ప్రకారం తొలగించేవాడి స్థాయికి, మొదట వేసినవాడి స్థాయికి మధ్య ఉన్న నిష్పత్తే విజయావకాశం. అయిదో స్థాయి మాంత్రికుడు పదో స్థాయి మాంత్రికుడి మంత్రాన్ని తొలగించబోతే అవకాశం 50 శాతం. 2014లో వచ్చిన అయిదో కూర్పులో మూడో స్థాయి వరకు ఉన్న మంత్రాలు వెంటనే తొలగిపోతాయి. అంతకు పైవాటికి ఇరవై ముఖాల పాచిక వేసి, తన సామర్థ్యాన్ని బట్టి వచ్చే అంకెను కలుపుకొని, 10కి మంత్రస్థాయిని చేర్చిన సంఖ్యను అందుకోవాలి. క్షణంలో జరిగి ముగిసిపోయిన మంత్రఫలితాన్ని ఇది తొలగించలేదు, ఎందుకంటే అక్కడ తొలగించడానికి మంత్రమేమీ మిగిలి ఉండదు. శాపాలకు ‘రిమూవ్ కర్స్’ అని వేరే మంత్రం ఉంది.

వివరాలు ఎన్ని మారినా మూలసూత్రం ఒక్కటే. తొలగింపు అంటే బలాబలాల పోటీ. వేసినవాడు ఎవరు, ఎందుకు వేశాడు, తొలగించమని అడుగుతున్నవాడు చేసిన తప్పేమిటి అన్నవి ఈ లెక్కలోకి రావు. ఆటకు అది సౌలభ్యం. అయితే ఆ లెక్కతో నన్నయను చదివితే ఏమవుతుందో తరగతిలో తెలిసింది. కథ అర్థం కాకుండా పోయింది. ఆ విద్యార్థిని తప్పుపట్టలేను. మన సంప్రదాయంలో ఈ నియమం ఏమిటో నేనూ అంతవరకు విడిగా ఆలోచించలేదు.

పరిభాష గురించి ఒక మాట. ‘ఉపసంహారం’ అనే పదాన్ని మనం పరిశోధన వ్యాసాల చివరి భాగానికి శీర్షికగా వాడుకుంటున్నాం. దాని పాత ప్రయోగాలలో ఒకటి, విడిచిన అస్త్రాన్ని వెనక్కి తీసుకోవడం. వాడుక తెలుగులో ఇందుకు సమానమైన మాటలు ఎక్కువగా జంటలుగా ఉంటాయి. కట్టు కడతారు, విప్పుతారు. విషం ఎక్కుతుంది, దిగుతుంది. దిష్టి తగులుతుంది, తీస్తారు. ‘విరుగుడు’లో విరగడం ఉంది. ఈ క్రియలలో గెలుపు ఓటములు లేవన్నది గమనించదగిన సంగతి. ‘తిప్పికొట్టడం’లో మాత్రమే యుద్ధం వినిపిస్తుంది. ఆ మాట దగ్గరికి తరవాత వస్తాను.

పౌష్యుడు చేయలేని పని

రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యాడు. అతని ఆస్థానంలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకొని ఆదిపర్వం, సభాపర్వం, అరణ్యపర్వంలో కొంతభాగం రచించాడు. ఆదిపర్వం శాపాలతో నిండిన పర్వం. జనమేజయుని సర్పయాగం దాని కథాకథన రంగం. ఆ యాగానికి మూలం ఒక తల్లి తన బిడ్డలకిచ్చిన శాపం. శాపాలు ఎలా ముగుస్తాయన్న ప్రశ్న ఈ పర్వంలో అలంకారప్రాయం కాదు. కథ నడిచేదే దాని మీద.

ఉదంకుడు గురుపత్ని కోరిన కుండలాల కోసం పౌష్యమహారాజు దగ్గరికి వెళ్తాడు. రాణి కుండలాలను ఇస్తుంది. రాజు భోజనం పెడతాడు. అన్నంలో వెంట్రుక కనిపించగా ఉదంకుడు కోపించి, అన్నాన్ని పరీక్షించకుండా పెట్టినందుకు గుడ్డివాడివి కమ్మని రాజును శపిస్తాడు. చిన్న దోషానికి ఇంత శాపమా అని రాజు ప్రతిశాపమిస్తాడు, సంతానం లేనివాడివి కమ్మని. తరవాత ఇద్దరూ దిగివస్తారు. ఉదంకుడు శాపాన్ని మరలించుకొమ్మని కోరితే పౌష్యుడు తన వల్ల కాదంటాడు. అందుకు కారణం చెప్పిన పద్యం తెలుగు చదువుకున్నవారిలో చాలామందికి కంఠస్థం. బ్రాహ్మణుల మనసు వెన్న, మాట వజ్రాయుధం. రాజులలో ఈ రెండూ తారుమారు. కాబట్టి విప్రుడు శాపాన్ని వెనక్కి తీసుకోగలడు, ఎంత శాంతుడైనా రాజు తీసుకోలేడు.

ఈ పద్యాన్ని మనం సాధారణంగా ఉపమానాల అందం కోసం, నన్నయ అక్షరరమ్యత కోసం బోధిస్తాం. నాకు చెప్పినవారూ అలాగే చెప్పారు, చాలా ఏళ్లు నేనూ అలాగే చెప్పాను. చివరి పాదాన్ని ముందు పెట్టుకొని చదివితే అది ఒక నియమం. శాపాన్ని ఇచ్చే శక్తి వేరు, మరలించే శక్తి వేరు అని అది చెబుతోంది. పౌష్యుడికి మొదటిది ఉంది. అతని శాపం తగలదని ఉదంకుడు అనుకోవడం లేదు, తగులుతుందనే బతిమాలుతున్నాడు. రెండో శక్తి మాత్రం పౌష్యుడికి లేదు. ఆ శక్తి ఉండేది స్థాయిలో కాదు, మనసులో. మాట ఎంత కఠినమైనా లోపల మెత్తదనం ఉన్నవాడే దాన్ని మళ్లీ తెరవగలడు. పైకి మృదువుగా మాట్లాడి లోపల గట్టిపడినవాడికి తన మాట మీద కూడా అధికారం ఉండదు.

ఈ నియమంలో వర్ణభేదం ఉంది. దాన్ని దాటవేసి చదవకూడదు. మరలించే శక్తిని వ్యక్తి స్వభావంగా కాక పుట్టుకతో వచ్చే గుణంగా పద్యం పంచిపెడుతోంది. శమీకుని కొడుకు శృంగి కథ ఇదే పర్వంలో దీనికి ఎదురు సాక్ష్యం. తండ్రి మెడలో చచ్చిన పామును వేసినందుకు శృంగి పరీక్షిత్తును శపిస్తాడు. శాపాన్ని మళ్లించమని తండ్రి చెప్పినా, తన మాట తప్పదంటాడు. అతడూ విప్రుడే. అప్పుడు శమీకుడు చేసిన పని గొప్పది. కొడుకు శాపాన్ని తన తపశ్శక్తితో కొట్టివేయడానికి పూనుకోలేదు. జరిగినది రాజుకు తెలియజేసి జాగ్రత్తపడమని శిష్యుణ్ని పంపాడు. ప్రభావాన్ని తొలగించలేనప్పుడు బాధితుడికి వార్త చెప్పడం మిగిలిన ధర్మమన్నమాట.

సంస్కృత మూలంలో ఉదంకుడు మరో వాదం కూడా చేస్తాడు. దోషం లేని అన్నానికి దోషం అంటగట్టావన్న కారణంతో నువ్వు నన్ను శపించావు, అన్నంలో నిజంగానే దోషముందని ఇప్పుడు నువ్వే ఒప్పుకున్నావు, కాబట్టి ఆ శాపం నాకు తగలదు అంటాడు. కారణం అబద్ధమైతే శాపం చెల్లదు. న్యాయస్థానంలో వినదగిన వాదమిది.

అవధి ఉన్న శాపాలు

పౌష్యుని సమస్యకు ఆదిపర్వంలోనే ఇంకో పరిష్కారం కనిపిస్తుంది. శపించినవాడే, ఆ మాట చల్లారకముందే, అది ఎప్పుడు ముగుస్తుందో చెప్పేస్తాడు. సహస్రపాదుడనే ముని తన మిత్రుడు ఖగముణ్ని గడ్డిపాముతో ఆట పట్టించి, విషం లేని పామై పొమ్మన్న శాపం పొందాడు. వేడుకోగా, రురుణ్ని చూసినప్పుడు విముక్తి అని ఖగముడు చెప్పాడు. ఏళ్ల తరవాత రురుడు పాములన్నింటినీ చంపుతూ వచ్చి ఈ డుండుభాన్ని కొట్టబోతాడు. శాపం తీరుతుంది. రురుడికి మంత్రం తెలియదు, తాను శాపం తీరుస్తున్నానన్న స్పృహా లేదు. తీర్థాలలో మొసళ్లై ఉన్న అయిదుగురు అప్సరసల సంగతీ అంతే. తమను పట్టి ఒడ్డుకు ఈడ్చే పురుషుడి కోసం వారు ఎదురుచూశారు, అర్జునుడు ఈడ్చాడు.

ఇక్కడ తొలగించేవాడు పోటీదారు కాడు, అతడు ఒక షరతు. శాపం తన తాళంచెవిని తనతోనే తెచ్చుకుంటుంది. ఆటలో తొలగింపు బయటి నుంచి వస్తే, ఇక్కడ అది శాపవాక్యంలోనే ఉంది. దీని ఫలితం ఒకటి గమనించాలి. శాపగ్రస్తుడికి శపించినవాణ్ని వెంటాడవలసిన అవసరం లేదు. అతనిపై పగ పెంచుకోవలసిన పనీ లేదు. వేచి ఉండాలి, అంతే.

అవధి లేనిచోట మార్గం ఇంకా సన్నగా ఉంటుంది. శుక్రుడు యయాతికిచ్చిన ముసలితనం తొలగదు, కానీ మరొకరు ఇష్టపడి తీసుకుంటే బదిలీ అవుతుంది. పూరుడు తీసుకున్నాడు. దేవయాని శాపం వల్ల సంజీవని కచుడికి పనిచేయదు, అతడు నేర్పినవారికి పనిచేస్తుంది. కచుడు శాపాన్ని ఎదిరించలేదు. దాని మాటలు ఎంతవరకు పారతాయో కొలిచి, ఆ గీత పక్కనుంచి నడిచాడు. ప్రమద్వరను బతికించుకోవడానికి రురుడు తన ఆయుష్షులో సగం ఇచ్చాడు.

తక్షకుడు, కాశ్యపుల కథలో ఆట నియమానికి దగ్గరైన బలపరీక్ష ఒకటి ఉంది. కాటుతో తక్షకుడు కాల్చిన మర్రిచెట్టును కాశ్యపుడు విద్యతో మళ్లీ చిగురింపజేస్తాడు, చెట్టు మీద ఉన్న మనిషితో సహా. అంటే విషం మీద కాశ్యపుడిదే పైచేయి. అయినా పరీక్షిత్తు బతకలేదు. రాజుకు ఆయువు తీరిందని దివ్యదృష్టితో తెలుసుకొని, తక్షకుడిచ్చిన ధనం పుచ్చుకొని కాశ్యపుడు వెనుదిరిగాడు. విషాన్ని దింపే విద్య శాపాన్ని దింపలేదు. చెట్టు పరీక్షలో నెగ్గినది అసలు ప్రశ్నకు జవాబు కాదు.

తల్లి శాపం వీటన్నిటికన్నా కఠినం. అన్ని శాపాలకూ ప్రతిక్రియ ఉంది గాని తల్లి శాపానికి లేదని సంస్కృత భారతంలో వాసుకి నాగులతో వాపోతాడు. అలాంటి శాపం నుంచి కూడా కొందరు బయటపడ్డారు. ఆస్తీకుడు సర్పయాగాన్ని మరో యాగంతో ఢీకొనలేదు. యజమానిని స్తుతించి మెప్పించాడు, యాగం ఆపమని కోరాడు. క్రతువు ఎవరి పేరు మీద నడుస్తోందో అతని నోటితోనే అది ఆగింది.

ఇదే కాలపు దానశాసనాలను పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దత్తభూమిని అపహరించినవాడు 60 వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పడి ఉంటాడని శాసనాల చివర శాపోక్తి చెక్కడం పరిపాటి. దానికి కాలపరిమితి ఉంది గాని విమోచన మార్గం లేదు, బతిమాలడానికి ఎదుట మనిషీ లేడు. రాతికి, రాగిరేకుకు వెన్నలాంటి మనసు ఎక్కడిది? ప్రయోగం తెలిసి ఉపసంహారం తెలియని అశ్వత్థామ కథ తిక్కన సౌప్తికపర్వంలోది కాబట్టి ఇక్కడ విస్తరించను. బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని అర్జునుడు వెనక్కి తీసుకోగా అశ్వత్థామ తీసుకోలేకపోవడం పౌష్యుని పద్యానికి వ్యాఖ్యానంలా ఉంటుందని మాత్రం చెప్పి ముందుకు సాగుతాను.

ద్రాక్షారామ భీమన

పురాణ నియమం జనం నోటిలో ఎలా మారిందో చూడటానికి వేములవాడ భీమకవి ఐతిహ్యాలకు మించిన సామగ్రి డెల్టాలో లేదు. అతని కాలం, ఊరు కూడా వివాదాస్పదాలే. కరీంనగర్ వైపు వేములవాడ అన్న వాదమూ ఉంది. ఐతిహ్యం మాత్రం ద్రాక్షారామ భీమేశ్వరుణ్ని గట్టిగా పట్టుకొని ఉంది. పదిహేనో శతాబ్దిలో రాజమహేంద్రవర రెడ్డిరాజుల ఆస్థానంలో శ్రీనాథుడు తాను అనుసరించే పూర్వకవులలో భీమనను పేర్కొన్నాడు. చాటువులను వేటూరి ప్రభాకరశాస్త్రి ‘చాటుపద్యమణిమంజరి’లో చేర్చారు. రాజమహేంద్రవరంలో ఉండి ‘ఆంధ్రకవుల చరిత్రము’ రాసిన కందుకూరి వీరేశలింగం ఈ అద్భుతాలను చరిత్రగా స్వీకరించలేదు. అది సరైన పద్ధతే. అయితే జరిగిందా లేదా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. జరిగినట్లు చెప్పుకున్నవాళ్లు ఏ నియమాన్ని నమ్మారన్నది ప్రశ్న.

కథ ఇది. భీమన వితంతువు కొడుకు. తోటి పిల్లలు తండ్రి పేరు అడిగి హేళన చేస్తే, రాయి పట్టుకొని గుడిలోకి వెళ్లి లింగాన్ని పగలగొట్టబోతాడు. భీమేశ్వరుడు ప్రత్యక్షమై నీ తండ్రిని నేనేనని, నువ్వన్నది జరుగుతుందని వరమిస్తాడు. తరవాత ఒక సంతర్పణలో పంక్తిలోకి రానివ్వకపోతే, బయట నిలబడి అప్పాలు కప్పలు కావాలని, అన్నం సున్నం కావాలని అంటాడు. విస్తళ్లలో కప్పలు గెంతుతాయి, అన్నం సున్నమవుతుంది. బ్రాహ్మణులు బయటికి వచ్చి క్షమించమని వేడుకొని లోపలికి పిలుస్తారు. భీమన మళ్లీ అంటాడు, కప్పలు అప్పాలవుతాయి, సున్నం అన్నమవుతుంది.

ఈ కథను నవ్వుకోవడానికి చెబుతారు. నాకు ఇందులో రెండు విషయాలు ముఖ్యంగా కనిపిస్తున్నాయి. మొదటిది మాట నిర్మాణం. అప్ప–కప్ప, అన్నం–సున్నం. వస్తువు మారడానికి ముందు అక్షరం మారుతుంది. ప్రాస కుదిరినచోట పదార్థం లొంగిపోతుంది, అక్షరం వెనక్కి వస్తే పదార్థమూ వెనక్కి వస్తుంది. అంటే ఈ ప్రభావం పూర్తిగా ఉచ్చారణలో ఉంది. దర్భలు లేవు, హోమం లేదు, నోరు మాత్రమే ఉంది. ఈ నమ్మకం చేదుగా మారే చోటు ముందుంది.

రెండోది, ఉపసంహారానికి చెల్లించిన వెల. భీమన ధనం అడగలేదు. అతణ్ని పంక్తి నుంచి తోసేయడం వల్ల అప్పాలు కప్పలయ్యాయి, పంక్తిలో చోటిస్తే మళ్లీ అప్పాలయ్యాయి. కారణాన్ని సరిదిద్దడమే తొలగింపు. సంతర్పణకు వచ్చినవారిలో భీమనకన్నా గొప్ప మంత్రవేత్త ఉండి, కప్పలను తన విద్యతో అప్పాలుగా మార్చేసి ఉంటే ఏమయ్యేది? ఆట నియమం ప్రకారం మంత్రం తొలగినట్టే. కథ ప్రకారం ఏమీ తొలగలేదు. వితంతువు కొడుకు వాకిట్లోనే నిలబడి ఉండేవాడు.

కళింగగంగు ఐతిహ్యంలో ఇంత సులువు లేదు. తన దర్శనానికి వచ్చిన భీమనను ఆ రాజు తరవాత రమ్మంటాడు. ముప్పైరెండు రోజుల్లో రాజ్యం పోతుందని కవి శపిస్తాడు, పోతుంది. బికారియై తిరుగుతున్న గంగు ఒక చీకటి రాత్రి దారి కానక భీమకవి వల్ల ఈ గతి పట్టిందని తనలో అనుకోగా, ఆ దారినే పోతున్న కవి విని, కనికరించి, మరో పద్యంతో రాజ్యం తిరిగి వచ్చేలా దీవిస్తాడు. ఇక్కడ అవధిని ఎవరూ ముందే చెప్పలేదు. శపించినవాడు ఎదురుపడకపోతే గంగు అలాగే తిరుగుతూ ఉండేవాడు. పురాణంలో శాపంతోనే వచ్చిన తాళంచెవి ఇప్పుడు ఒక మనిషి దగ్గరికి చేరింది. ఆ మనిషి ఎవరో గంగుకు తెలుసు. ఇంకో అడుగు వేస్తే ఆ తెలియడమూ ఉండదు.

అజ్ఞాత ప్రయోక్త

తెలంగాణలో బాణామతి, చేతబడి అన్న మాటలు ప్రసిద్ధం. తూర్పుగోదావరి మన్యం నుంచి ఉత్తరాంధ్ర వరకు వినిపించే మాట చిల్లంగి. శాపానికి, చిల్లంగికి ఉన్న ప్రధానమైన తేడా కథనపరమైనది. శాపం ఎదుట నిలబడి బిగ్గరగా ఇచ్చేది. శపించినవాడు, శపించబడినవాడు, కారణం, సాక్షులు అందరూ అక్కడే ఉంటారు. చిల్లంగిని ఎవరూ వినలేదు. జ్వరం ముందు వస్తుంది, గేదె ముందు చస్తుంది, ప్రయోగం తరవాత ఊహించబడుతుంది. కారణం లేని ప్రభావానికి కర్తను వెతకవలసి వస్తుంది.

ఎడ్గార్ థర్‌స్టన్ 1912లో ప్రచురించిన దక్షిణ భారత శకునాలు, మూఢవిశ్వాసాల గ్రంథంలో కొండప్రాంతపు ‘ఎజ్జుగాడు’ అనే వైద్యుడి గురించి ఒక వర్ణన ఉంది. అతడు పచ్చని చెట్టు కింద ముగ్గు వేసి, చంపదలచినవాడి బొమ్మను, ఒక విల్లును, బాణాన్ని ఉంచి దేవతలను పిలుస్తాడు. బాధితుడు ఆ సంగతి పసిగడితే మరో ఎజ్జుగాణ్ని ఆశ్రయిస్తాడు. రెండోవాడు మరో చెట్టు కింద అదే తంతు జరుపుతాడు. అతని విల్లంబులు వెళ్లి మొదటివాడి విల్లంబులతో పోరాడతాయి. ప్రయోగం ఉన్నంతసేపు ఆ పోరు సాగుతుంది, బాధితుడు క్షేమంగా ఉంటాడు.

‘తిప్పికొట్టడం’ అన్న మాటకు ఇది సరైన చిత్రం. నా విద్యార్థి ఆడే ఆటకు ఇంత దగ్గరి పోలిక మన ప్రాంతపు కథనాల్లో నాకు ఇంకెక్కడా కనిపించలేదు. బలానికి బలం, విల్లుకు విల్లు. కానీ ఆ వర్ణనలోనే ఇంకో వాక్యం ఉంది. మొదటి ఎజ్జుగాడెవరో రెండోవాడు ఎన్నడూ ఎరగకపోయినా అతని పేరు చెప్పగలడట. ఆటలో పాచిక పడ్డాక మంత్రం పోతుంది, కథ ముందుకు సాగుతుంది. ఊళ్లో పాచిక పడ్డాక ఒక పేరు బయటికి వస్తుంది. ఆ పేరుగల మనిషికి ఇల్లుంటుంది, భార్యాబిడ్డలుంటారు, అంతకుముందు గట్టు తగాదా ఒకటి ఉండి ఉంటుంది.

అప్పుడు వర్తించేది కళింగగంగు నియమం. వేసినవాడే తీయాలి. అతడు వేయలేదంటే తీయనంటున్నాడని అర్థం చేసుకుంటారు. నిజంగా ఏమీ చేయనివాడు తీయగలిగేది ఏమీ లేదు. పౌష్యుడు నా వల్ల కాదన్నప్పుడు ఉదంకుడు విన్నాడు. ఇక్కడ ఆ మాటను వినేవారు ఉండరు. తీయించలేనప్పుడు చివరి మార్గం నోటిని పాడుచేయడం. మాంత్రికుడన్న అనుమానం పడ్డవాడి ముందుపళ్లు ఊడగొట్టే ఆచారాన్ని వలసపాలన నాటి రచనలు నమోదు చేశాయి. పళ్లు లేకపోతే బీజాక్షరాలు స్పష్టంగా పలకవు, పలకని మంత్రం పారదు. ఇది గతించిన సంగతి కాదు. చేతబడి నెపంతో పళ్లు పీకిన వార్తలు మన కాలపు తెలుగు దినపత్రికల్లోనూ వచ్చాయి.

అప్పాలను కప్పలుగా మార్చిన నమ్మకం, మనిషి పళ్లు రాలగొట్టిన నమ్మకం ఒక్కటే. మంత్రం ఉచ్చారణలో ఉంటుందన్నదే ఆ నమ్మకం. భీమన విషయంలో అది నోటిని గౌరవించింది, అతణ్ని పంక్తిలోకి పిలిచింది. భీమనకు భీమేశ్వరుని అండ ఉంది కాబట్టి అతణ్ని ఎవరూ కొట్టలేదన్నది కూడా నిజమే. నింద పడ్డ మనిషికి అలాంటి తండ్రి ఎవరూ ప్రత్యక్షం కాడు. నమ్మకాన్ని ఖండించడం సంస్కర్తల, వైద్యుల, పోలీసుల పని, వారు చేస్తూనే ఉన్నారు. సాహిత్య విద్యార్థిగా నేను చూపదలచినది ఇంకొకటి. ఒకే నమ్మకం లోపల ఉపసంహార నియమాలు వేరుగా ఉండవచ్చు. అవధి ముందే చెప్పే నియమంలో ఎవరినీ వెతకరు. కారణాన్ని సరిదిద్దే నియమంలో తన తప్పును వెతుక్కుంటారు. వేసినవాడే తీయాలన్న నియమంలో మనిషిని వెతుకుతారు.

మణి, బొమ్మ, గడ్డం

ఆధునిక కాల్పనిక సాహిత్యం ఈ మూడింటిలో దేన్ని తీసుకుంది? రాజమహేంద్రవరానికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితకవి (1868–1928) పన్నెండు భాగాలుగా రాసిన ‘కాశీమజిలీ కథలు’ విడిగా పరిశోధించవలసినవి. చట్రకథ గురించి ఒక్క పరిశీలన మాత్రం చేస్తాను. కాశీకి పోతున్న మణిసిద్ధుడు మజిలీ మజిలీకి గోపుడు చూసిన వింత వెనుక కథేమిటో మణి మహిమతో తెలుసుకొని చెబుతాడు. అతని దగ్గర అద్భుతవస్తువు ఉంది. దానితో అతడు ఎవరి మంత్రాన్నీ తొలగించబూనడు, కారణాన్ని చెబుతాడు. వింత కనబడగానే కర్తను పట్టుకోకుండా కథను అడిగే గోపుడు నాకు ఇష్టమైన పాత్ర.

ఈ కథల ప్రేరణ కొంత ఉన్న ‘పాతాళభైరవి’ (1951) చిత్రం వేరే దారి పట్టింది. కె.వి.రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనలో, ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడిగా నటించిన ఆ చిత్రంలో శక్తి వస్తువుల్లోకి చేరింది. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే భైరవి వారి మాట వింటుంది. మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉంటుంది. రాకుమారి మెచ్చుతుందని ఆశపెట్టి అంజి ఆ గడ్డాన్ని తీయిస్తాడు. పళ్లు ఊడగొట్టడానికి, గడ్డం గీయించడానికి తర్కం ఒకటే. శరీరంలో శక్తి ఉన్నచోటును కోసేయడం. తెర మీద అది హాస్యమైంది. గడ్డం మళ్లీ పెరుగుతుంది కదా.

తరగతిలో మొదలైన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇంతవరకు విన్నది. ఆ విద్యార్థి తరవాత సెలవుల్లో తన మిత్రులతో ఆడే ఆటకు ఒక నియమం చేర్చుకున్నాడు. వాళ్ల బల్ల దగ్గర శాపం వేసేవాడు దాని అవధిని కూడా అదే నోటితో, అందరికీ వినపడేలా, ముందే చెప్పాలి. చెప్పకపోతే శాపం పడదు. ఈ నియమం పెట్టాక ఆట నెమ్మదించిందట. పాచిక వేసే ముందు ఒక్కొక్కరు చాలాసేపు ఆలోచిస్తున్నారట.